సుంకి ఘాట్‌లో ఆగిపోతున్న పాత 540 జీపు, 50 దాటితే స్టీరింగ్ డాన్స్. ముందు ఏది చూడాలి?

సిమిలిగుడ_540:
అందరికీ నమస్తే. మాది కోరాపుట్ జిల్లా సిమిలిగుడ. నాన్నగారు వాడిన 1993 మోడల్ మహీంద్రా 540 డీజిల్ జీపు, ఫోర్ బై ఫోర్, ఆరేళ్లు షెడ్డులో పడుంటే నిరుడు బయటికి తీశాను. పొట్టంగి వైపు లోపలి ఊళ్ల నుంచి అల్లం బస్తాలు రోడ్డు దాకా చేర్చడానికి, నెలకి రెండుసార్లు సాలూరు పోయి రావడానికి దీన్నే వాడుతున్నాను. రెండు సమస్యలున్నాయి.

మొదటిది, సాలూరు నుంచి వస్తూ సుంకి ఘాట్ ఎక్కుతుంటే సగం దారిలో పికప్ తగ్గిపోయి, రెండు మూడుసార్లు కుదిపి, ఇంజిన్ ఆగిపోతుంది. పొగ ఏమీ రాదు. బానెట్ ఎత్తి చేతిపంపు ఓ ముప్పై నలభై సార్లు కొడితే గట్టిపడుతుంది, అప్పుడు సెల్ఫ్ కొడితే లేస్తుంది. మళ్లీ నాలుగు మలుపులు తిరిగేసరికి అదే కథ. వెనకాల లారీలవాళ్లు హారన్లు కొడుతుంటే ఉండే టెన్షన్ మీకు చెప్పక్కర్లేదు. ఇక్కడ ఒక మెకానిక్ చూసి ఇంజెక్షన్ పంపు పోయిందన్నాడు. పంపు విప్పించి, నాజిల్స్ కూడా సెట్ చేయించేసరికి 21 వేలు అయింది. బిగించిన వారానికే మళ్లీ ఘాట్‌లో నిలబెట్టింది.

రెండోది, 50 దాటాక ముందు చక్రం చిన్న గోతిలో పడితే చాలు, స్టీరింగ్ చేతుల్లోంచి ఊడిపోతుందేమో అన్నంతగా కొట్టుకుంటుంది. బండి 30కి దిగితేగానీ ఆగదు. స్టీరింగ్ డాంపర్ (ఆ కొట్టుకోవడాన్ని అణిచే షాక్ అబ్జార్బర్ లాంటిది) వేయించుకోమంటున్నారు. వేయించనా?

బరంపురం_బాబు:
అమ్మేసి కొత్తది కొనుక్కో గురూ, అల్లం రేటు బాగుంది కదా 😄

సరదాకన్నాను. ఒకటి మాత్రం నిజంగా చెప్తున్నా, ఘాట్‌లో ఆగినప్పుడు హ్యాండ్ బ్రేక్‌ని నమ్మి బానెట్ ఎత్తకు. గేర్‌లో పెట్టి, వెనక చక్రం కింద రాయి పెట్టాకే ముందుకు వెళ్లు. ఆ రాయి బండిలోనే ఉండాలి, అప్పటికప్పుడు వెతికితే దొరకదు.

డీజిల్_మాస్టారు_రాయగడ:
తమ్ముడూ, పొగ లేకుండా ఆగుతోంది, చేతిపంపు కొడితే లేస్తోంది అని నువ్వే రాశావు. రోగం పేరు కూడా అందులోనే ఉంది. ఇంజిన్‌కి డీజిల్ అందడం లేదు, దారిలో ఎక్కడో గాలి లాగుతోంది. పంపు లోపల అరిగిపోయిన బండి వేరేలా ఏడిపిస్తుంది, చల్లగా ఉన్నప్పుడు బాగానే లేచి, వేడెక్కాక ఆపితే మళ్లీ లేవనంటుంది. 21 వేలు పెట్టే ముందు 50 రూపాయల పైపు ముక్కతో తేలిపోయే సంగతి ఇది. సరే, అయిందేదో అయింది.

ఫీడ్ పంపు ట్యాంకులోంచి డీజిల్‌ని పీల్చుకుంటుంది. కాబట్టి ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్య ఎక్కడ సందున్నా డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. పైపంతా పొడిగా ఉంది, లీకేం లేదులే అని అందరూ పొరపాటుపడేది ఇక్కడే. తడి కనిపించేది ఫీడ్ పంపు దాటాక, డీజిల్ ఒత్తిడితో పోయే చోట మాత్రమే. ఆరేళ్లు షెడ్డులో ఉన్న బండిలో రబ్బరు పైపులు పైకి బాగానే కనిపిస్తాయి, వంచి చూస్తే వెంట్రుకంత పగుళ్లు బయటపడతాయి.

ఏం చేస్తావంటే, డీజిల్‌కి తట్టుకునే, లోపల కనిపించే పైపు ఓ జానెడు ముక్క కొను. ఫీడ్ పంపుకి డీజిల్ వచ్చే చోట అతుకు, రెండువైపులా క్లిప్పులు బిగించు. ఇంజిన్ ఆన్ చేసి కాస్త రేజ్ చేస్తూ ఆ ముక్కనే చూడు. మొదట్లో నాలుగు బుడగలు వచ్చి ఆగిపోతే పర్లేదు, అవి నువ్వు పైపు విప్పినప్పుడు చేరిన గాలి. ఆగకుండా వస్తుంటే తప్పు ట్యాంకు వైపే. బుడగలే లేకపోతే ఫిల్టర్ దగ్గరికి రా, అక్కడ బోల్టుల కింద రాగి వాషర్లు పాతవే మళ్లీ వేసి ఉంటారు, వాటిని మార్చు.

ఇంకా అనుమానముంటే ఐదు లీటర్ల క్యాన్‌లో శుభ్రమైన డీజిల్ పోసి, సైలెన్సర్ పైపుకి దూరంగా, కదలకుండా కట్టు. ఫీడ్ పంపుకి క్యాన్‌లోంచి డీజిల్ ఇవ్వు. రిటర్న్ పైపు, అంటే మిగిలిన డీజిల్ వెనక్కి వచ్చేది, కూడా క్యాన్‌లోనే పెట్టాలి సుమా, లేకపోతే డీజిలంతా ట్యాంకులోకి పోయి క్యాన్ ఖాళీ అవుతుంది, నువ్వు మళ్లీ పంపునే తిడతావు. అలా ఏదైనా మెట్ట ఎక్కించు. ఆగకపోతే పంపు తప్పేమీ లేదు.

పార్టులు అడిగేటప్పుడు జీపు పేరు కాదు, ఇంజిన్ పేరు చెప్పు. ఈ బళ్లలో ఇంజిన్లు మార్చేసినవి బోలెడు. నీది ఫ్రాన్స్ కంపెనీ పెజో డిజైన్ ఎక్స్‌డిపి 4.90 ఇంజిన్ అయితే 2112 సీసీ. ఆ పేరులో 4 అంటే సిలిండర్లు, 90 అంటే బోరు మిల్లీమీటర్లలో.

అసలు సంగతి అడగడం మర్చిపోయాను. ఆగినప్పుడల్లా ట్యాంకులో డీజిల్ ఎంత ఉంటోంది?

సిమిలిగుడ_540:
మాస్టారూ, మీరడిగాక వెలిగింది. సాలూరులో ఫుల్ ట్యాంకు కొట్టించిన రోజుల్లో ఒక్కసారి కూడా ఆగలేదు! సగానికి దిగాకే ఈ గొడవ. ఇంటి దగ్గర చదునులో మాత్రం సగం కంటే తక్కువున్నా తిరుగుతుంది.

జైపూర్_కుర్రోడు:
ట్యాంకు మూత కూడా చూడండి అన్నా. మూతలో గాలి పోయే చిన్న కన్నం ఉంటుంది, అది మూసుకుపోతే డీజిల్ వాడేకొద్దీ ట్యాంకులో గాలి తక్కువై పంపు లాగలేదు. మా ట్రాక్టర్‌కి అదే జరిగింది, కందిరీగ మట్టి గూడు కట్టేసింది అందులో. బండి ఆగిన వెంటనే మూత తిప్పితే బుస్సుమని గాలి లోపలికి పోతుంది. చేతిపంపు జోలికి పోకుండా మూత తీసి కాసేపు ఆగి స్టార్ట్ చేయండి, లేస్తే అదే.

డీజిల్_మాస్టారు_రాయగడ:
మూత సంగతి కరెక్టే, అది ఒక్క నిమిషం పని, ముందు అదే చూడు. కానీ మూత అయితే ఫుల్ ట్యాంకుతో బయల్దేరినా కాసేపటికి ఆగాలి కదా. ఫుల్‌గా ఉంటే బాగుంది, సగమైతే ఆగుతోంది, అదీ ముక్కు పైకెత్తినప్పుడే. నాకు ట్యాంకు లోపల నిలువుగా దిగే సక్షన్ పైపు మీదే అనుమానం. దాని మధ్యలో తుప్పుకి సూదిమొనంత చిల్లు పడితే, డీజిల్ ఆ చిల్లుకి పైన ఉన్నంతసేపు ఎవరికీ తెలియదు. మట్టం కిందికి దిగినా, ఎక్కుడులో డీజిల్ ఒక పక్కకి జారినా చిల్లు బయటపడి గాలి పీలుస్తుంది.

పైపు ట్యాంకులోంచి బయటికి తీసి చూడు. చిల్లుంటే ఆ పైపు వరకే ఇత్తడి అతుకు వేయించు. ట్యాంకుకి మాత్రం వెల్డింగ్ పెట్టనివ్వకు, ఎవరెంత చెప్పినా సరే. ఖాళీ చేసిన ట్యాంకులో కూడా ఆవిరి ఉంటుంది, పేలుతుంది.

పర్లాకిమిడి_కమాను:
స్టీరింగ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. డాంపర్ ఇప్పుడే వేయించకండి. అది కొట్టుకోవడాన్ని కప్పెడుతుంది అంతే, లోపల అరిగేది అరుగుతూనే ఉంటుంది. ముందు టైర్లలో గాలి సమానం చేయించి, చక్రాలు బ్యాలెన్సింగ్ చేయించండి. రిమ్ము లోపలివైపు ఎండిన మట్టి గడ్డలున్నా చక్రం కొట్టుకుంటుంది, మన ఎర్రమట్టి దారుల్లో తిరిగే బళ్లకి ఇది మామూలే.

తర్వాత ముందు యాక్సిల్ జాకీ మీద లేపి, స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కటకటమంటే ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. ఆట పోతే చక్రం బేరింగ్ వదులు. బ్రేకు తొక్కినా ఆడుతుంటే కింగ్ పిన్, అంటే స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం పక్కకి తిరిగే ఇరుసు. ఈ ఒక్క పరీక్షకే సగం డబ్బు మిగులుతుంది, ఎందుకంటే చాలామంది రెంటికీ తేడా చూడకుండా మొత్తం విప్పేస్తారు. కింగ్ పిన్ బేరింగులు వదులైతే క్యాప్ కింద షిమ్ములు (పల్చటి రేకు బిళ్లలు) తీసి బిగించవచ్చు. బేరింగుల్లో గుంటలు పడి ఉంటే మాత్రం షిమ్ములు తీసి లాభం లేదు, స్టీరింగ్ ఒక్కోచోట పట్టేస్తుంది. కొత్తవి వేయాల్సిందే.

స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే కడ్డీలు, అంటే టై రాడ్ ఎండ్లు, డ్రాగ్ లింక్ చూడాలంటే బండిని నేల మీదికి దించి, ఒకరు స్టీరింగ్ కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పుతుంటే మీరు ఒక్కో జాయింటు మీద వేలు ఆనించండి. కదలిక ఆలస్యంగా అందే జాయింటు వేలికే తెలిసిపోతుంది. ఇంకోటి, బస్తాలు మోసే బండి అన్నారు, కమాను పట్టీలు కుంగిపోయి, వాటి చివర్లలో ఉండే షాకిల్ బుష్‌లు అరిగిపోయి ఉంటాయి. యాక్సిల్ వాలు మారితే చక్రాలు నిలకడగా ఉండవు. అవన్నీ అయ్యాక టో-ఇన్ (ముందు చక్రాలు లోపలికి వాలే కొలత) చూసుకోండి, ముందు టైర్ల మధ్య దూరం వెనకవైపు కంటే ముందువైపు ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువుంటే చాలు. ఇవన్నీ బాగుంటే అప్పుడు డాంపర్ వేయించుకోండి, కాదనను.

సిమిలిగుడ_540:
పది రోజులైంది, చెప్తానని మర్చిపోలేదు. మూత బాగానే ఉంది. కనిపించే పైపు అతికిస్తే సగం ట్యాంకులో బుడగలు గొలుసులా వచ్చాయి. బయటి పైపులన్నీ మార్చాను, అయినా బుడగలే. క్యాన్‌తో దేవమాలి వైపు ఎక్కుడు ఎక్కించాను, గుటకా కుదుపూ లేదు. ఇక ట్యాంకులోంచి పైపు లాగి, ఒక చివర వేలితో మూసి, నీళ్లలో ముంచి రెండో చివర నుంచి ఊదాను. మధ్యకి కాస్త పైన, తుప్పు పొక్కు కింద, బియ్యపు గింజలో సగం లేని చిల్లులోంచి బుడబుడమని గాలి! ఇత్తడి అతుకు 150 రూపాయలు తీసుకున్నాడు. పైపు చివర జాలీలో తుప్పు పొడి కూడా ఉంది, ట్యాంకు కడిగించాను. నిన్న పావు ట్యాంకుతో సుంకి ఎక్కాను, ఎక్కడా ఆగలేదు. బరంపురం బాబూ, రాయి మాత్రం బండిలోనే ఉంది.

స్టీరింగ్‌కి వస్తే కుడివైపు బ్రేకు తొక్కినా ఆడుతోంది, అంటే కింగ్ పిన్నే. విప్పితే కింది బేరింగ్‌లో గ్రీజు బదులు ఎర్రమట్టి ముద్ద ఉంది. ఆయిల్ సీలు ఎప్పుడో చిరిగిపోయింది. రెండువైపులా బేరింగులు, సీళ్లు విశాఖ నుంచి తెప్పిస్తున్నాను. పర్లాకిమిడి అన్నా, షిమ్ములు ఎంత బిగువుగా ఉండాలో ఎలా తెలుసుకోవాలి?

పర్లాకిమిడి_కమాను:
సీలు బిగించకముందే చూసుకోవాలి, టై రాడ్ ఊడదీసి. నకిల్‌ని (కింగ్ పిన్ మీద తిరిగే, చక్రాన్ని మోసే భాగం) చేత్తో తిప్పితే ఆట అసలుండకూడదు, కాస్త బరువుగా, ఎక్కడా పట్టకుండా ఒకేలా తిరగాలి. ఎన్ని కిలోల లాగుడు ఉండాలో సర్వీస్ మాన్యువల్‌లో ఇస్తారు, సంతలో తూకానికి వాడే స్ప్రింగు కాటా తగిలించి లాగి చూడండి. షిమ్ములు పైనా కిందా సమానంగా తీయండి, ఒకవైపే తీస్తే నకిల్ నడిమికి రాదు.

సిమిలిగుడ_540:
కాటా ఉంది అన్నా, అల్లానికి వాడేదే.