కాకినాడ పడవ ప్రయాణంలో ఈత, స్నార్కెలింగ్ కుదురుతాయా?

ప్రశ్న (అమలాపురం నుంచి):
సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో కాకినాడ నుంచి ఒక రోజు పడవ ప్రయాణం చేసి, దారిలో ఆగి ఈత కొట్టాలని, స్నార్కెలింగ్ ముసుగు పెట్టుకొని నీటి అడుగున చేపలను చూడాలని అనుకుంటున్నాము. హోప్ ఐలాండ్ దగ్గర అందుకు వీలుంటుందా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (యానాం నుంచి):
స్నార్కెలింగ్ ఆశ ఇక్కడ పెట్టుకోకండి. గోదావరి తెచ్చే ఒండ్రుకు తోడు, మడ అడవుల మధ్య ఆటుపోట్లు బురదను కలియబెడుతూనే ఉంటాయి కనుక నీరు తేటగా ఉండదు. కిందటేడు మోకాటి లోతులో నిలబడితే నా పాదాలు నాకే కనిపించలేదు. కోరంగి మడ అడవుల పాయల్లో దిగడం మరీ ప్రమాదం, ఎందుకంటే ఆటు మొదలైతే నీరు సముద్రం వైపు లాగేస్తుంది. పడవలోనే కూర్చోబెట్టి, నీరు తీసిన బురద మీద రెక్కల ఊతంతో ఎగబాకే చిన్న చేపలను పిల్లలకు చూపించండి. అది చాలా బాగుంటుందండీ.

జవాబు (కాకినాడ నుంచి):
పై మాటే నాదీను. హోప్ ఐలాండ్ తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి కాబట్టి, దిగనిస్తారో లేదో అటవీ శాఖను ముందే అడగండి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద జరిగిన పడవ ప్రమాదం మనం మరచిపోలేనిది. లైఫ్ జాకెట్ పట్టీలన్నీ బిగించాకే పడవ కదలనివ్వండి. స్నార్కెలింగే కావాలంటే, పగడపు దిబ్బలున్న అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌కు వెళ్లండి. ముసుగును ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చినప్పుడు, పట్టీ లేకుండానే అది నిలిస్తే సరిపోయినట్టు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఈసారికి కోరంగి చూసి వస్తాము.