నేపాల్ స్థానిక ఎన్నికలు 2022: ఫలితాలను పార్టీల లెక్కతోనే చదవాలా?

ప్రశ్న (పౌరశాస్త్ర అధ్యాపకుడు, ఖమ్మం)

మిత్రులందరికీ నమస్కారం. పొరుగు దేశాల స్థానిక పాలన మీద ఇంటర్మీడియట్ విద్యార్థులకు ఒక పాఠం సిద్ధం చేస్తూ, నేపాల్‌లో 2022 మే 13న దేశమంతటా ఒకే రోజు జరిగిన స్థానిక ఎన్నికల ఫలితాలను పరిశీలిస్తున్నాను. మొత్తం 753 నగర, గ్రామ పాలికలలో (అక్కడి స్థానిక సంస్థలు) నేపాలీ కాంగ్రెస్ పార్టీ 329 చోట్ల మేయరు లేదా అధ్యక్ష పదవిని గెలుచుకుంది. 2017లో 294 స్థానాలతో మొదట నిలిచిన కమ్యూనిస్టు పార్టీ యూఎంఎల్ ఈసారి రెండు వందల పైచిలుకుకు పడిపోగా, అప్పట్లో 106 చోట్ల గెలిచిన మావోయిస్టు కేంద్రం అనే పార్టీ 120 దాటింది. ఈ అంకెలను చూస్తే కాంగ్రెస్ గాలి వీచిందనే అనిపిస్తుంది. కానీ ఆ రోజుల్లో వచ్చిన వార్తలలో ఎక్కువ భాగం కాఠ్మాండూ మేయరుగా స్వతంత్రంగా గెలిచిన బాలేన్ షా గురించే ఉన్నాయి. ఈ రెండింటిలో అసలు ఫలితం ఏది? మన పంచాయతీ ఎన్నికలతో పోల్చి చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టడం మంచిది?

జవాబు (పంచాయతీరాజ్ శాఖ విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం)

అయ్యా, గెలిచినవారి పట్టిక కంటే ముందు మీ విద్యార్థులకు చెప్పవలసింది, ఆ ఎన్నిక అసలు సకాలంలో జరిగిందన్న విషయం. నేపాల్‌లో 1997 ఎన్నికలలో ఏర్పడిన స్థానిక సంస్థల పదవీకాలం 2002లో ముగిసింది. అప్పటికి మావోయిస్టుల సాయుధ పోరాటం సాగుతుండడంతో మళ్లీ ఎన్నికలు పెట్టలేదు. పోరు ముగిసి, రాచరికం పోయి, రాజ్యాంగ సభలు రెండు వచ్చినా ఊళ్లలో మాత్రం ఎన్నికైన పాలకవర్గాలు లేవు. దాదాపు 15 ఏళ్లపాటు గ్రామాలనూ పట్టణాలనూ ప్రభుత్వ ఉద్యోగులే నడిపారు. 2015 రాజ్యాంగం వచ్చాక 2017లో మూడు విడతలుగా ఎన్నికలు జరిగాయి. ఆ పాలకవర్గాల గడువు తీరగానే 2022లో రెండోసారి, అదీ ఒకే రోజున జరపడం చిన్న విషయం కాదు. అప్పటికి ఓటర్ల జాబితాలో కోటి 77 లక్షల మంది ఉన్నారు.

మనకు ఈ సంగతి కొత్తది కాదు. ఐదేళ్ల గడువు ముగిసేలోగా ఎన్నిక జరగాలని మన రాజ్యాంగంలోని 243ఈ అధికరణం స్పష్టంగా చెబుతున్నా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో సర్పంచుల కాలం ముగిస్తే ఎన్నికలు 2013లో గాని జరగలేదు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా గ్రామాలు ప్రత్యేకాధికారుల చేతిలోనే ఉన్నాయి. ప్రత్యేకాధికారి ఎంత సమర్థుడైనా, వీధి దీపం వెలగలేదని రాత్రి తొమ్మిదింటికి తలుపు తట్టి అడగగలిగేది వార్డు సభ్యుడినే. ఎన్నిక లేని కాలంలో ఊరు పోగొట్టుకునేది అదే.

ఇక కాంగ్రెస్ గాలి అన్నమాటను నేను ఒప్పుకోను. 2021 ఆగస్టులో యూఎంఎల్ చీలిపోయి, మాధవ్ కుమార్ నేపాల్ నాయకత్వంలో ఏకీకృత సమాజవాదీ పార్టీ ఏర్పడింది. అధికారంలో ఉన్న కాంగ్రెస్, మావోయిస్టు కేంద్రం, ఈ కొత్త పార్టీ, మరికొన్ని పక్షాలు కలిసి చాలా చోట్ల సీట్లు పంచుకున్నాయి. భరత్‌పూర్‌లో మావోయిస్టు అధినేత ప్రచండ కుమార్తె రేణు దాహాల్‌కు కాంగ్రెస్ మద్దతివ్వడం ఇందులో భాగమే. ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలిచే పద్ధతిలో ఎదుటి పక్షం ఒక్కటై, తన పక్షం రెండుగా చీలితే స్థానాలు ఎలా తగ్గుతాయో మన జిల్లాల రాజకీయం చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

జవాబు (స్థానిక సంస్థలలో మహిళల ప్రాతినిధ్యంపై పరిశోధకురాలు, హైదరాబాద్)

పై మిత్రులు చెప్పిన పొత్తుల సంగతికి ఒక ముఖ్యమైన విషయం చేర్చాలి. నా దృష్టిలో 2022 ఫలితాలలో అన్నింటికంటే ఆందోళన కలిగించేది అదే.

నేపాల్ చట్టం ప్రకారం ఒక పార్టీ ఒక పాలికలో ప్రధాన పదవికీ, ఉప పదవికీ అభ్యర్థులను నిలిపితే వారిలో ఒకరు మహిళ అయి ఉండాలి. 2017లో పార్టీలు రెండు పదవులకూ పోటీ చేశాయి గనుక, మేయరు స్థానం పురుషుడికి, ఉపమేయరు స్థానం మహిళకు కేటాయించి నిబంధనను నెరవేర్చాయి. ఫలితంగా 753 ఉప పదవులలో 700 మహిళలకు దక్కాయి. ప్రధాన పదవులలో గెలిచిన మహిళలు 18 మందే అయినా, ఆ 700 మంది రాక నేపాల్ గ్రామీణ రాజకీయంలో పెద్ద మలుపు. 2022లో పొత్తు కుదిరిన చోట ఒక పార్టీ మేయరు స్థానం, మరో పార్టీ ఉపమేయరు స్థానం తీసుకున్నాయి. ఒక్కో పార్టీ ఒక్క అభ్యర్థినే నిలుపుతోంది కాబట్టి నిబంధన వారికి వర్తించలేదు. చట్టాన్ని ఎవరూ ఉల్లంఘించలేదు. అయినా ఉప పదవులలో మహిళల వాటా తొంభై శాతానికి పైనుంచి నాలుగింట మూడు వంతులకు దిగిపోయింది. ప్రధాన పదవులలో మహిళలు 18 నుంచి 25కు పెరిగారని సంతోషించవచ్చు గాని, 753లో 25 అంటే ఎంత?

ఇది కేవలం పదవుల లెక్క కాదు. నేపాల్‌లో పాలికకు ఒక న్యాయ సమితి ఉంటుంది. రాజ్యాంగం ప్రకారం దానికి సమన్వయకర్త ఉపమేయరు లేదా ఉపాధ్యక్షురాలు. పొలం గట్టు, కాలువ నీరు, చెల్లించని కూలి వంటి 13 రకాల తగాదాలను ఈ సమితి తేల్చవచ్చు. మరికొన్ని కుటుంబ, ఆస్తి వివాదాలలో మధ్యవర్తిత్వం చేయించవచ్చు. భర్త కొట్టాడని ఒక స్త్రీ గడప ఎక్కితే ఎదుట కూర్చుని వినేది మరో స్త్రీ కావడంలో ఎంత తేడా ఉంటుందో నేను వివరించనవసరం లేదు. ఒక పొత్తు ఒప్పందం ఈ వెసులుబాటును వందకు పైగా పాలికలలో తీసేసింది.

అందుకే ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని పద్ధతి ఈ ఒక్క విషయంలో మేలని నమ్ముతాను. ఇక్కడ సగం స్థానాలు మహిళలకు రిజర్వు అయి ఉంటాయి. ఏ స్థానం ఎవరిదో ముందే ప్రకటిస్తారు గనుక పార్టీల పొత్తులు దాన్ని మార్చలేవు. గెలిచిన సర్పంచి కుర్చీలో భర్త కూర్చునే జాడ్యం మనకుందన్నది నిజమే, దాని మీద విడిగా మాట్లాడుకోవాలి. అయితే నేపాల్‌లో మెచ్చుకోవలసిన నిబంధన కూడా ఉంది. ప్రతి వార్డులో ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు ఉంటారు; ఆ నలుగురిలో ఇద్దరు మహిళలు కావాలి, వారిలో ఒకరు దళిత మహిళ కావాలి. దేశంలో వార్డులు 6,743. ఈ ఒక్క నిబంధనతో 2017లో ఆరున్నర వేల మందికి పైగా దళిత మహిళలు ఒకేసారి ప్రజాప్రతినిధులయ్యారు. మీ పాఠంలో ఇది తప్పక ఉండాలని కోరుతున్నాను.

మళ్లీ అడిగినవారు

చాలా కృతజ్ఞతలు. పొత్తుకూ మహిళల స్థానాలకూ ఉన్న ఈ సంబంధం నేను చదివిన వార్తలలో ఎక్కడా కనిపించలేదు. అయితే కాఠ్మాండూ ఫలితాన్ని ఒక నగరపు వింతగా వదిలేయవచ్చా?

జవాబు (నేపాల్‌లో అభివృద్ధి రంగంలో పనిచేసి వచ్చిన వ్యక్తి, విశాఖపట్నం)

వదిలేయకూడదు, మాస్టారూ. బాలేన్ షాకు 61,767 ఓట్లు వచ్చాయి. కాంగ్రెస్ అభ్యర్థి సిర్జనా సింగ్, యూఎంఎల్ అభ్యర్థి కేశవ్ స్థాపిత్ ఇద్దరూ ముప్ఫై ఎనిమిది వేల దగ్గర ఆగిపోయారు. బాలేన్ షా ర్యాప్ గాయకుడిగా పేరు తెచ్చుకున్న స్ట్రక్చరల్ ఇంజనీరు. ధరాన్‌లో హర్క సంపాంగ్, ధన్‌గఢీలో గోపాల్ హమాల్ కూడా స్వతంత్రులుగానే గెలిచారు. తూర్పున ఒకటి, పడమర చివర ఒకటి, నడుమ రాజధాని. కాబట్టి దీన్ని ఒక్క ఊరి కోపంగా చూడలేం. అదే ఏడాది జూన్‌లో పుట్టిన రాష్ట్రీయ స్వతంత్ర పార్టీ నవంబరు సాధారణ ఎన్నికలలో 20 స్థానాలు గెలిచిందంటే, మే నెలలోనే ఓటరు తలుపు తెరిచి ఉంచాడని అర్థం.

అయితే కాఠ్మాండూలోనే మరో ఫలితం ఉంది. ఉపమేయరుగా యూఎంఎల్‌కు చెందిన సునీతా డంగోల్ 68 వేలకు పైగా ఓట్లతో గెలిచారు. అంటే మేయరు కంటే ఆమెకే ఎక్కువ ఓట్లు వచ్చాయి. ఓటు వేయడానికి అక్కడ వాడే స్వస్తిక్ ముద్ర పట్టుకుని, ఒకే కాగితం మీద మేయరుకు స్వతంత్రుడిని, ఉపమేయరుకు యూఎంఎల్‌ను ఎంచుకున్న ఓటర్లు వేలల్లో ఉన్నారన్నమాట. అక్కడి ఓటరు మేయరు, ఉపమేయరు, వార్డు అధ్యక్షుడు, నలుగురు సభ్యులు కలిపి ఏడుగురికి ఒకేసారి ముద్ర వేయాలి. లెక్కింపు అందుకే అంత నెమ్మది. కాఠ్మాండూ తుది ఫలితం రావడానికి దాదాపు రెండు వారాలు పట్టింది. పార్టీ లేని మేయరుకు నగర సభలో తన వర్గం ఉండదు. ఆ ఎన్నికలో గెలిచిన 32 వార్డుల అధ్యక్షులలో అత్యధికులు పార్టీలవారే. బడ్జెట్ ఆమోదం దగ్గర నుంచి ప్రతి పనీ వారితో సంప్రదించే చేయాలి.

కాంగ్రెస్ 329 సంఖ్యకు విలువ లేదని మాత్రం చెప్పను. నేపాల్ ఎగువ సభ అయిన రాష్ట్రీయ సభలోని 59 మందిలో 56 మందిని ప్రాంతీయ శాసనసభ్యులతో పాటు పాలికల అధ్యక్షులు, ఉపాధ్యక్షులు కలిసి ఎన్నుకుంటారు. మన దగ్గర స్థానిక సంస్థల కోటాలో ఎమ్మెల్సీలను ఎన్నుకునే పద్ధతి తెలిసిన విద్యార్థులకు ఇది వెంటనే అర్థమవుతుంది. గ్రామ పాలికలో వచ్చిన గెలుపు ఆ దారిన పార్లమెంటు దాకా చేరుతుంది.

చివరిగా ఒక మాట. గల్ఫ్‌లోనూ, మలేషియాలోనూ, మన హైదరాబాద్ హోటళ్లలోనూ పనిచేస్తున్న లక్షలాది నేపాలీలకు ఉన్న చోట నుంచి ఓటు వేసే వీలు ఆ ఎన్నికలో లేదు. పోలైనవి సుమారు 64 శాతం. జాబితాలో పేరుండి ఊళ్లో లేనివారు ఎందరో. గల్ఫ్‌లో ఉన్న జగిత్యాల, నిజామాబాద్ కూలీలదీ ఇదే పరిస్థితి. మీ తరగతిలో ఆ కుటుంబాల పిల్లలుంటే, పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టండి.