కొత్త పిల్లి నాలుగు రోజుల నుంచి బీరువా వెనకే ఉండాది, ఏం చేయాల?

ప్రశ్న (కడప నుంచి)
అందరికీ నమస్తే. మేం ఎర్రముక్కపల్లిలో ఉంటాం. ప్రొద్దుటూరులో మా ఆయన ఫ్రెండు వాళ్ళకి ట్రాన్స్‌ఫర్ అయి పిల్లిని తీసుకుపోలేం అంటే మేం తెచ్చుకున్నాం, రెండేళ్ళ ఆడపిల్లి. వాళ్ళింట్లో ఒళ్ళో పడుకునేదంట. ఇక్కడ బుట్ట మూత తీయగానే ఒక్క దూకు దూకి బీరువా వెనక దూరింది, ఇంతవరకు బయటికి రాలే. పగలు ఏం ముట్టదు, రాత్రి మేం పడుకున్నాక మాత్రం గిన్నె ఖాళీ అవుతాంది. టార్చి వేసి చూస్తే మీసాల నిండా బూజు, కళ్ళు ఇంతింత చేసుకుని గోడకి అతుక్కుపోయి ఉండాది, కడుపు తరుక్కుపోయింది నాకు. నిన్న మా ఆయన చెయ్యి పెట్టి లాగబోతే బుస్సుమని గీరేసింది. పిల్లి ఇంటిని మరుగుతుంది గానీ మనిషిని మరగదు, తిరిగి ఇచ్చేయండి అంటాంది మా అత్తమ్మ. నాకు ఇవ్వాలని లేదు. నేనేమన్నా తప్పు చేస్తాండానా?

జవాబు (అనంతపురం)
అక్కా, ముందు ఆ గీరిన చోట సబ్బు పెట్టి పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి అన్నని డాక్టర్ దగ్గరికి పంపండి, పిల్లికి రేబిస్ టీకా వేయించినారో లేదో పాత వాళ్ళని అడగండి. ఇంక పిల్లి సంగతి. రాత్రి తింటాందంటే చాలా మేలు, భయపడొద్దు. లాగడం, టార్చి వేయడం రెండూ ఆపేయండి, అది దాక్కున్న చోటే దానికి ధైర్యం. ఒక అట్టపెట్టెని అడ్డంగా పడుకోబెట్టి పాత ఇంటి గుడ్డ ఏదైనా తెప్పించి ఉతక్కుండా అందులో వేయండి, ఆ వాసన చాలు దానికి. ఇసుక టబ్బు ఒక మూల, గిన్నె ఇంకో మూల పెట్టండి, పక్కపక్కన పెడితే తినవు. ఇంకోటి, ఆ రూములో ఫినాయిల్ వద్దే వద్దు, తుడిచిన బండల మీద నడిచి కాళ్ళు నాక్కుంటాయి కదా, పిల్లులకి అది విషం.

జవాబు (కర్నూలు)
మాది 19 రోజులు దివాన్ కింద ఉండింది. నేను రోజూ సాయంత్రం 7 గంటలకి అదే రూములో కింద, దానికి వీపు పెట్టి కూర్చుని మా పాప పాఠాలు గట్టిగా చదివేదాన్ని, దాని వైపు చూసేదాన్ని కాదు. ఎప్పుడైనా చూపు కలిస్తే కళ్ళు మెల్లగా మూసి తెరిచేదాన్ని, గుడ్లప్పగించి చూస్తే వాటికి బెదిరించినట్టు ఉంటాది. ఒకరోజు మడమకి చల్లగా, తడిగా ఏదో తగిలింది, చూస్తే దాని ముక్కు. నేను కదల్లేదు, ఊపిరి కూడా బిగబట్టినా. అది వాసన చూసుకుని మళ్ళీ లోపలికి పోయింది, కానీ ఆ రోజు నుంచి రోజూ వచ్చేది. నేను చేసిన తప్పు పాలు పెట్టడం, విరేచనాలు పట్టుకున్నాయి పాపం. పెద్ద పిల్లులు చాలావాటికి పాలు అరగవు. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, కారం ఏం లేకుండా ఉడికించిన చికెన్ పెట్టండి.

జవాబు (మళ్ళీ కడపే)
పైన చెప్పినవన్నీ కరెక్టే, కానీ ఓపిక పట్టమన్నారని అన్నిటికీ ఓపిక పట్టొద్దండి. ఒక రోజంతా ఏం తినకపోతే వెంటనే డాక్టర్ దగ్గరికి పోండి, తిండి మానేస్తే పిల్లులకి లివర్ చెడిపోతాది, లావుగా ఉండే వాటికి మరీను. గండుపిల్లి ఉన్నవాళ్ళు ఒంటేలుకి ముక్కుతా ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు. ఇంకా ఒక నెల దాకా తలుపు జాగ్రత్త, బయటపడితే పాత ఇంటిని వెతుక్కుంటా పోతాయి. అత్తమ్మగారికి చెప్పండి, మనిషిని కూడా మరుగుతాయి, టైమ్ పడతాది అంతే.

ప్రశ్న అడిగిన వాళ్ళు
అందరికీ చాలా థ్యాంక్స్. మా ఆయన ఇంజెక్షన్లు మొదలుపెట్టినాడు. ప్రొద్దుటూరు నుంచి దాని పాత దుప్పటి ముక్క తెప్పించి పెట్టెలో వేసినా, రాత్రి రెండు గంటలప్పుడు గోకుతా ఉండే శబ్దం వినపడి చీకట్లోనే కళ్ళు తెరిచి చూస్తే ఆ గుడ్డని ముందు కాళ్ళతో పిసుకుతా ఉండాది. పొద్దున పెట్టెలోనే నిద్రపోతాంది, బీరువా వెనక లేదు. మా అత్తమ్మ లేసి వచ్చి చూసి, శబ్దం కాకుండా తలుపు దగ్గరికి వేసి పోయింది. ఇంకొక్కటి అడగాల, కిటికీకి మెష్ వేసే మనిషి ఆదివారం వస్తానన్నాడు, డ్రిల్లింగ్ సౌండ్ ఉంటాది కదా, వాయిదా వేయమనేదా?

జవాబు (కర్నూలు)
వాయిదా వేయమనండి, కనీసం రెండు వారాలు. అంతవరకు ఆ కిటికీ తీయొద్దు.