ముడి చమురు ధర ఎటు పోతుందో మీరెలా అంచనా వేస్తున్నారు?

కొత్తట్రేడర్: బుధవారం ఈఐఏ (అమెరికా ప్రభుత్వ ఇంధన గణాంకాల సంస్థ) లెక్కలో అమెరికా ముడి చమురు నిల్వలు తగ్గాయని వచ్చింది. తగ్గితే ధర పెరగాలి కదా? కాసేపు ఎగిరి, ముందున్న ధర కంటే కిందికి జారిపోయింది. ఇది ముందే పసిగట్టే దారి ఏమైనా ఉందా?

ట్యాంకుమట్టం: ఎంత తగ్గాయన్నది కాదండీ, మార్కెట్ అనుకున్నదానికంటే ఎక్కువ తగ్గాయా అన్నది చూడాలి. మంగళవారం సాయంత్రమే ఏపీఐ (అక్కడి చమురు కంపెనీల సంఘం) లెక్క వస్తుంది. అందులో తగ్గుదల కనిపిస్తే ధర ఆ రాత్రే పెరిగిపోతుంది. బుధవారం కొనేవాళ్ళు ఎవరు మిగులుతారు?

ఇంకోటి, మొదటి అంకె దగ్గరే ఆగకండి. ముడి చమురు తగ్గి, పెట్రోలు, డీజిలు నిల్వలు పెరిగాయంటే సరుకు ఒక ట్యాంకులోంచి ఇంకో ట్యాంకులోకి మారిందంతే. ఒక వారం ఎగుమతులు ఎక్కువైనా నిల్వలు తగ్గినట్టే కనిపిస్తాయి. ఓక్లహామాలోని కుషింగ్ నిల్వల్ని నేను విడిగా రాసుకుంటాను, డబ్ల్యూటీఐ (అమెరికా ధరకి కొలమానమైన ముడి చమురు) డెలివరీ జరిగేది అక్కడే కాబట్టి.

గీతలరాయుడు: నాకివేవీ అక్కర్లేదు. రిపోర్టు వచ్చిన అరగంట దాకా ముట్టుకోను. ముందున్న రేంజిని (అప్పటిదాకా తిరిగిన పై, కింది హద్దుల్ని) ధర ఎటు దాటి నిలబడితే అటే నా ట్రేడు.

కొత్తట్రేడర్: మరి యుద్ధం వార్తలొస్తే? అప్పుడు చార్టు ఏం చెబుతుంది?

పాతకాపు: వార్త ఎంత పెద్దదైనా రెండు వైపులా కొడుతుంది. 2019 సెప్టెంబరు 14న సౌదీలోని అబ్‌ఖైక్, ఖురైస్ చమురు కేంద్రాల మీద దాడి జరిగి రోజుకు 57 లక్షల బ్యారెళ్ళ ఉత్పత్తి ఆగింది. సోమవారం బ్రెంట్ (ప్రపంచ మార్కెట్‌కి కొలమానమైన ముడి చమురు) దాదాపు 15 శాతం ఎగిరింది. నెలాఖరుకల్లా ఆ పెరుగుదల ఇంచుమించు అంతా పోయింది. 1991 జనవరి 17న గల్ఫ్ యుద్ధంలో బాంబు దాడులు మొదలయ్యాక ధర ఒక్కరోజులోనే మూడో వంతు పడింది. భయం అప్పటికే ధరలో ఉంది, సరఫరా మాత్రం అనుకున్నంత దెబ్బతినలేదు.

అందుకే నేను ముందు చూసేది స్ప్రెడ్, అంటే వేర్వేరు నెలల్లో డెలివరీకి కుదిరే కాంట్రాక్టుల ధరల మధ్య తేడా. దగ్గరి నెల కాంట్రాక్టు తర్వాతి నెలకంటే ఖరీదైతే (బ్యాక్‌వర్డేషన్) సరుకు ఇప్పుడే కావాలని ఎవరో తొందరపడుతున్నట్టు. చవకైతే (కాంటాంగో) తొందరేం లేదు, నిల్వ పెట్టుకోవచ్చు. వార్తకి ధర ఎగిరినా స్ప్రెడ్ కదలకపోతే ఆ ఎగురుడుని నేను నమ్మను.

గీతలరాయుడు: ఎక్స్‌పైరీ (కాంట్రాక్టు గడువు ముగిసే రోజు) దగ్గర మీ స్ప్రెడ్ కూడా తప్పుదారి పట్టిస్తుందిగా!

పాతకాపు: పట్టిస్తుంది, కాదనను. 2020 ఏప్రిల్ 20న మే నెల డబ్ల్యూటీఐ మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. అదే రోజు జూన్ కాంట్రాక్టు 20 డాలర్ల పైనే ఉంది. కుషింగ్‌లో చమురు పోయడానికి ట్యాంకు దొరకనివాళ్ళు ఎదురు డబ్బిచ్చి వదిలించుకున్నారు. అందుకే ఎక్స్‌పైరీ బాగా ముందుండగానే నేను తర్వాతి నెలకు మారిపోతాను.

చిన్నలాటు: దిశ గురించి ఇంత మాట్లాడుతున్నారు, సైజు గురించి ఒక్కరూ అనలేదే. డబ్ల్యూటీఐ ఒక లాటంటే 1,000 బ్యారెళ్ళు. డాలరు కదిలితే 1,000 డాలర్లు. అంచనా సరైనదే అయినా మధ్యలో స్టాప్‌లాస్ (నష్టం ఇంతకి మించొద్దని ముందే పెట్టుకున్న ధర) కొట్టేసి, ఆ తర్వాత మనమనుకున్న వైపే పోతుంది. రిపోర్టుకు ముందు నేను సగం తగ్గించుకుంటాను. శుక్రవారం సీఎఫ్‌టీసీ (అమెరికా ఫ్యూచర్స్ మార్కెట్ల నియంత్రణ సంస్థ) రిపోర్టులో ఫండ్ల పొజిషన్లూ చూస్తాను. అది మంగళవారం నాటి లెక్క, కాబట్టి కాస్త పాతదే. అయినా అందరూ కొనే వైపే ఉన్నప్పుడు మంచి వార్త కూడా ధరని లేపలేదు.

కొత్తట్రేడర్: ఇప్పుడే రిపోర్టు మళ్ళీ తీశాను. పెట్రోలు నిల్వలు బాగా పెరిగాయి. పైగా ఏపీఐ ఇంకా పెద్ద తగ్గుదల చూపించింది. పాతకాపు గారూ, స్ప్రెడ్ పాత లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?

పాతకాపు: ఎక్స్‌ఛేంజి సైటులో రోజూ సెటిల్‌మెంట్ (ఆ రోజు లెక్క తేల్చే ముగింపు) ధరలు పెడతారు. రెండు నెలలవీ పక్కపక్కన రాసుకుని తీసివేయడమే. ఎక్స్‌పైరీ ముందు రోజుల్ని మాత్రం వదిలేయండి, గీతలరాయుడు మళ్ళీ పట్టుకుంటాడు.