డౌన్‌లోడ్ చేసిన ఫాంట్ కన్వర్టర్‌ను విండోస్ తెరవనివ్వడం లేదు, ఏం చేయాలి?

సందేహం (ప్రొద్దుటూరు, కడప జిల్లా):
మాది చిన్న డీటీపీ షాపు. పెళ్లిపత్రికలు, కరపత్రాలు అన్నీ 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలోనే. ఒకాయన మ్యాటరంతా ఏ ఫోన్‌లోనైనా కనబడే యూనికోడ్‌లోకి మార్చి వాట్సాప్‌లో పంపమన్నాడు. అందుకని ఉచితంగా దొరికే కన్వర్టర్ ఒకటి దించుకున్నా, జిప్ ఫైల్. తెరిస్తే నీలం పెట్టె వచ్చి 'విండోస్ ప్రొటెక్టెడ్ యువర్ పీసీ' అంటోంది. 'డోంట్ రన్' తప్ప వేరే బటన్ లేదు. రేపటికి ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు (అనంతపురం):
యాంటీవైరస్ ఆఫ్ చేసి చూడన్నా. మేమంతా అదే చేస్తాం.

జవాబు (కర్నూలు):
ఆ పని చేయొద్దన్నా. పైగా లాభం కూడా లేదు, అక్కడ అడ్డుపడుతున్నది స్మార్ట్‌స్క్రీన్, విండోస్‌లోనే ఉండే కాపలా. వైరస్ దొరికిందని అది చెప్పడం లేదు, ఈ ఫైల్ ఎవరు చేశారో తెలియదంటోంది. ఎవరు చేశారో చెప్పే డిజిటల్ సంతకానికి సర్టిఫికెట్ కావాలంటే డబ్బు కట్టాలి. ఊరికే ఇచ్చే తెలుగు కన్వర్టర్లు చేసేవాళ్లు అంత ఖర్చు ఎక్కడ పెడతారు?

ముందు ఆ జిప్‌ను వైరస్‌టోటల్ సైట్‌లో వేసి చూడండి, చాలా యాంటీవైరస్ స్కానర్లతో ఒకేసారి పరీక్షిస్తుంది. పేరున్న స్కానర్లు చాలావరకు ఎర్రగా చూపిస్తే డిలీట్ చేసేయండి, ఇక ఆలోచించొద్దు. బాగుంటే, విప్పకముందే జిప్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్. జనరల్ ట్యాబ్‌లో అడుగున 'అన్‌బ్లాక్' అని చిన్న గడి ఉంటుంది. టిక్ పెట్టి ఓకే కొట్టి, అప్పుడు విప్పండి. ముందే విప్పేస్తే, నెట్ నుంచి వచ్చిందన్న గుర్తు లోపలి ఫైళ్లకూ అంటుకుంటుంది. అందుకే ఇప్పటికే విప్పిన ఫోల్డర్ తీసేసి మళ్లీ విప్పడం మేలు.

అయినా నీలం పెట్టె వస్తే అందులో 'మోర్ ఇన్ఫో' అని గీత గీసిన అక్షరాలుంటాయి, చాలామంది కంటికి ఆనవు. అది నొక్కితే 'రన్ ఎనీవే' బయటపడుతుంది.

పెన్‌డ్రైవ్‌లో వేసి పక్క సిస్టమ్‌లో పెడితే తెరుచుకుందని కొందరు చెబుతుంటారు. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో, నెట్ నుంచి వచ్చిందన్న ఆ గుర్తు నిలవదు, అంతే. ఫైల్ మంచిదని కాదు.

ప్రొద్దుటూరు:
తెరుచుకుందన్నా, చాలా థ్యాంక్స్. కొత్తగా కొన్న విండోస్ 11 సిస్టమ్‌లో మాత్రం 'రన్ ఎనీవే' ఎక్కడా లేదు.

కర్నూలు:
విండోస్ సెక్యూరిటీలో 'యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్' తెరిచి, తెలియని ప్రోగ్రామ్‌లను ఆపేసే స్మార్ట్ యాప్ కంట్రోల్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే కారణం అదే. ఈ ఒక్క ప్రోగ్రామ్‌ను వదిలిపెట్టు అని దానికి చెప్పే వీలు లేదు, మొత్తంగా ఆఫ్ చేయాల్సిందే. కన్వర్టర్ కోసం అంత పని వద్దు. పాత సిస్టమ్‌లోనే మార్చుకుని, ఆ టెక్స్ట్‌ను కొత్తదానికి మెయిల్ చేసుకోండి.