విక్టోరియా రాణి రాజముద్ర: రెండు వైపులా బొమ్మ ఒకేసారి ఎలా తీసేవారు?

చిలకలపూడి అచ్చులు:
అందరికీ నమస్కారం. మాది బందరు పక్కన చిలకలపూడి. గిల్టు నగలకి అచ్చులు చెక్కుతాను. మా నాన్న దగ్గర పని నేర్చుకుని ముప్పయ్యేళ్లు దాటింది. మా అమ్మాయి లండన్‌లో చదువుకుంటోంది. మొన్న అక్కడ మ్యూజియంలో విక్టోరియా రాణి మొదటి రాజముద్ర, అదే రాజపత్రాలకి వేలాడదీసే మైనపు బిళ్ల, చూసి ఫొటోలు పంపింది. 1838లో బెంజమిన్ వయన్ అనే ఆయన చేసిందట.

ఒకవైపు రాణి సింహాసనం మీద కూర్చుంది, అటూ ఇటూ న్యాయం, ధర్మం అని రెండు విగ్రహాలు. అది బాగానే ఉంది. నా కళ్లు మాత్రం రెండో వైపే అతుక్కుపోయాయి. రాణి గుర్రం మీద ఉంది. పక్కన ఒక కుర్రాడు టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఉరకబోతున్న గుర్రాన్ని మెల్లగా ఆపుతూ, తలెత్తి ఆవిడ వంక చూస్తున్నాడు. తలెత్తిన ముఖం చెక్కడం ఎంత కష్టమో మా పనివాళ్లకి తెలుస్తుంది. బిళ్ల మీద పైకి లేచిందంతా అచ్చులో గొయ్యి. అన్నిటికంటే లోతు ముక్కు. లక్ష్మీదేవి కాసు అచ్చులో ముక్కు దగ్గర ఉలి వెంట్రుకవాసి ఎక్కువ దిగితే అమ్మవారి ముఖమే మారిపోతుంది. నేనైతే పని మధ్యలో పదిసార్లు మైనం ఒత్తి చూసుకుంటాను.

నా సందేహాలు రెండు. మైనాన్ని రెండు పలకల మధ్య పెట్టి ఒత్తితే అంచుల్లోంచి బయటికి పొంగదా? అచ్చు వెండిదట, అంత మెత్తటి లోహం ఎందుకు, ఉక్కు వాడొచ్చుగా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాత రూపాయి:
అన్నగారూ, అసలు కిటుకు ఏమిటంటే అక్కడ ఒత్తడం లేదు, పోత పోయడమే. రెండు వెండి పలకలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా మూసుకుంటాయి. పత్రానికి వేలాడే రిబ్బను కొసల్ని ముందే లోపల పెట్టి మూసేవారు. పైన ఉన్న కంతలోంచి కరిగిన మైనం పోసేవారు. గట్టిపడ్డాక విప్పితే బిళ్ల రిబ్బనుతో సహా వచ్చేది. బిళ్ల ఆరంగుళాల వెడల్పు, ముప్పావంగుళం మందం. దెబ్బ తగిలే పని కాదు కాబట్టి ఉక్కు అక్కర్లేదు. అయినా రాణి అరవై మూడేళ్లు ఏలింది కదా, ఒక్క అచ్చుతో సరిపోలేదు. 1860లో ఒకటి, 1878లో ఇంకొకటి చేయించారు.

వయన్‌లది మీలాంటి ఇల్లే. బెంజమిన్ తండ్రి థామస్ రాజముద్రల చెక్కుడు పనికి పెద్ద. 1831 నుంచి ఆ పదవి బెంజమిన్‌ది, 1858లో ఆయన పోయాక కొడుకులు జోసెఫ్, ఆల్ఫ్రెడ్, అలన్ వరసగా చేశారు. నాణేలు చెక్కిన విలియం వయన్, ఈయన అన్నదమ్ముల బిడ్డలు. మీ ఇంట్లో 1840 నాటి కంపెనీ రూపాయి ఉంటే బొమ్మలో రాణి మెడ కింద ముగిసే అంచు మీద భూతద్దం పెట్టి చూడండి. కొన్నింటి మీద డబ్ల్యు.డబ్ల్యు. అని ఉంటుంది. ఆ అక్షరాలు విలియంవే.

సికింద్రాబాద్ శర్మ:
ఇంకో ముచ్చట. అదే 1838లో లాంకాస్టర్ డచీకి, అంటే ఇంగ్లండ్ రాజుల సొంత ఎస్టేటుకి, వెండి ముద్ర చేసిన పిస్ట్రుచ్చి అనే చెక్కుడు పనివాడు, అచ్చుని ఉలితో చెక్కకుండా మైనం నమూనా నుంచి నేరుగా లోహంలో పోత పోశానన్నాడు. రోమ్‌లో పుట్టినవాడు. నెపోలియన్ మీద గెలుపుకి గుర్తుగా తలపెట్టిన వాటర్లూ పతకం పని 1819లో ఒప్పుకుని 1849లో అప్పజెప్పాడు. అచ్చు మరీ పెద్దది, కాల్చి గట్టిపరిస్తే పగులుతుందని భయపడి పతకాలు కొట్టనే లేదు.

గోదారి రవి:
పాత అచ్చుల సంగతి కూడా చెప్పాలి. కొత్తది రాగానే పాతదాన్ని రాజు సుత్తితో ఒక దెబ్బ కొట్టి రద్దు చేసేవాడు. ఆ వెండి, రాజముద్రని భద్రపరిచే పెద్ద మంత్రి లార్డ్ ఛాన్సలర్‌కి దక్కేది. 1831లో పాత ఛాన్సలరూ కొత్త ఛాన్సలరూ నాకంటే నాకన్నారు. నాలుగో విలియం చెరొక పలకా పంచి, వాటిని వెండి పళ్లేల్లో పొదిగించి ఇచ్చాడు.

చిలకలపూడి అచ్చులు:
అందరికీ దండాలు. పోత అని చదవగానే మనసు కుదుటపడింది. శర్మగారూ, ముప్పయ్యేళ్లు చేసిన అచ్చు మీద ఒక్క దెబ్బా పడకపోవడం చదివి చాలా బాధేసింది. మా నాన్న చెక్కిన మామిడిపిందెల అచ్చు ఒకటి నీళ్లలో ముంచగానే నిలువునా చీలింది. ఆ రోజు ఆయన అన్నం తినలేదు. మైనం నమూనా నుంచి పోసిన అచ్చుకి ఉలి పదును రాదని నా నమ్మకం. ఆ కుర్రాడి టోపీ అంచు చూడండి, అది చెక్కిన అంచే.

పాత రూపాయిగారూ, మా నాన్న తులం తూకానికి వాడిన రూపాయి ఇంకా తక్కెడ పెట్టెలోనే ఉంది. తీసి చూశాను. 1840. అరిగింది గానీ మెడ కింద రెండు అక్షరాలూ తెలుస్తున్నాయి. ఇన్నేళ్లూ దాంతో తూచాం, ఒక్కసారి కూడా చూడలేదు.

అమ్మాయి ఆదివారం మళ్లీ మ్యూజియంకి వెళ్తానంది. ఈసారి పక్కనుంచి ఫొటో తియ్యమన్నాను. రిబ్బను దూరిన చోట మైనం ఎలా మూసుకుందో చూడాలి.