ఫిజిక్స్ పీహెచ్‌డీ: సీట్లు తగ్గించి చివరిదాకా స్టైపెండ్ గ్యారంటీ ఇవ్వాలా, ఎక్కువ మందిని తీసుకుని గైడ్ గ్రాంట్ మీద వదిలేయాలా?

చల్లనిల్యాబ్:
మా డిపార్ట్‌మెంట్‌లో వచ్చే ఏడాది అడ్మిషన్ల మీద పెద్ద వాదన నడుస్తోంది. సీట్లు సగం చేసేసి, చేరిన ప్రతి ఒక్కరికీ 5 ఏళ్ల స్టైపెండ్ రాసిచ్చేయాలని కొందరు, అలా చేస్తే ల్యాబులు ఖాళీ అయిపోతాయి, మొదటి ఏడాది టీచింగ్ పని ఇచ్చి ఆ తర్వాత ఎప్పట్లాగే గైడ్ తన రీసెర్చ్ గ్రాంట్‌లోంచి స్టైపెండ్ చూసుకోవాలని కొందరు. నేను మొదటి పక్షం. మా ల్యాబ్‌లో ఒక సీనియర్ ఉండేవాడు, థర్డ్ ఇయర్‌లో గైడ్ గ్రాంట్ రెన్యూ అవ్వలేదు, ఉన్నపళంగా టీఏలో, అంటే జూనియర్లకి క్లాసులు చూసే టీచింగ్ అసిస్టెంట్ పనిలో వేసేశారు. పగలంతా ల్యాబ్ సెక్షన్లు, పెండ్యులం రికార్డులు దిద్దడం, రాత్రికి వచ్చి డైల్యూషన్ ఫ్రిజ్ (శాంపిల్‌ని దాదాపు పరమశూన్య ఉష్ణోగ్రత దాకా చల్లబరిచే యంత్రం) ముందు కూర్చోవడం. అది 10 మిల్లీకెల్విన్ దాకా దిగడానికి ఒకట్రెండు రోజులు పడుతుంది, ఎక్కడైనా సన్నటి లీక్ ఉందంటే మళ్లీ మొత్తం వేడెక్కించి, విప్పి, ఇండియం అనే మెత్తటి లోహపు సీల్ మార్చి, మొదట్నుంచి మొదలుపెట్టాలి, ఇంతలో తెల్లారి 9 గంటలకి సెక్షన్ ఉంటుంది. రెండేళ్లు అలాగే లాగి మాస్టర్స్ తీసుకుని వెళ్లిపోయాడు. క్వాలిఫైయర్ (పీహెచ్‌డీ కొనసాగాలంటే పాసవ్వాల్సిన పరీక్ష) ఫస్ట్ అటెంప్ట్‌లో పాసైనవాడండీ, ఫిజిక్స్ రాక వెళ్లలేదు.

హామిల్టోనియన్:
నాదో సందేహం. గ్యారంటీ అంటే ఏ గ్యారంటీ? మా థియరీ వాళ్లకి గ్రాంట్లు చిన్నవి, ఐదేళ్లూ టీచింగ్‌తోనే నెట్టుకొచ్చేవాళ్లు మాలో బోలెడు మంది. పక్క రూమ్‌లో ఎక్స్‌పరిమెంట్ చేసేవాళ్లు సెకండ్ ఇయర్ నుంచే ఆర్‌ఏ, అంటే గైడ్ గ్రాంట్ మీద రీసెర్చ్ చేసే రీసెర్చ్ అసిస్టెంట్లు. ఇద్దరికీ వచ్చిన ఆఫర్ లెటర్‌లో మాత్రం అదే ఒక్క లైను, "5 ఏళ్ల సపోర్ట్" అని. స్టైపెండ్ ఆగదు నిజమే, కానీ వారానికి 20 గంటలు టీచింగ్‌కే పోతే మిగిలిన టైమ్‌లో రీసెర్చ్ ఎంతని జరుగుతుంది?

పాతకాపు:
చాలా ఏళ్లు అడ్మిషన్స్ కమిటీలో కూర్చున్నాను, రెండో వైపు కూడా వినండి. గ్రాంట్ మామూలుగా 3 ఏళ్లకి వస్తుంది, పీహెచ్‌డీకి 5 నుంచి 6 ఏళ్లు పడుతుంది. అంటే ఏ స్టూడెంట్‌ని తీసుకున్నా, చివరి ఏళ్ల డబ్బు ఇంకా శాంక్షనే కాలేదన్నమాట. టీఏ పోస్టుల లెక్క ఇంకోటి, మాకెంతమంది రీసెర్చ్‌కి కావాలనేదాన్ని బట్టి రావవి, ఇంజినీరింగ్, మెడిసిన్ వైపు వెళ్లే పిల్లలు ఎంతమంది ఫస్టియర్ ఫిజిక్స్ తీసుకుంటే అన్ని సెక్షన్లు, అన్ని పోస్టులు. పైగా చాలాచోట్ల ఆర్‌ఏ ట్యూషన్ ఫీజు, ఓవర్‌హెడ్ (గ్రాంట్‌లోంచి యూనివర్సిటీ తీసుకునే వాటా) కూడా గ్రాంట్ మీదే పడతాయి, అన్నీ కలిపితే స్టూడెంట్ ఖర్చు దాదాపు పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయిపోయిన రీసెర్చర్) దగ్గరికి వచ్చేస్తుంది, అప్పుడు ప్రొఫెసర్ ఎవర్ని తీసుకుంటాడు?

నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం ఇది కాదు. సీట్లు సగం చేస్తే ఎవరి పేరు కొట్టేస్తారు? పేరున్న కాలేజీ, ముందే పేపర్, తెలిసినవాళ్ల రికమెండేషన్ ఉన్నవాళ్లు ఎలాగూ వస్తారు. చిన్న కాలేజీలో చదివి, క్వాంటమ్ ఒక్క సెమిస్టరే చూసి, మొదటి ఏడాది తడబడి తర్వాత అందరినీ దాటేసే పిల్లలు ఉంటారు చూడండి, కత్తి వాళ్ల మీదే పడుతుంది. అమెరికన్ ఫిజికల్ సొసైటీ 2012లో బ్రిడ్జ్ ప్రోగ్రామ్ పెట్టింది కూడా మామూలు అడ్మిషన్లలో జారిపోయేవాళ్ల కోసమే కదా, ముఖ్యంగా ఫిజిక్స్‌లో తక్కువగా కనిపించే మైనారిటీ వర్గాల పిల్లల కోసం. అలాంటి ఫైల్ నేనే పట్టుబట్టి తీసుకున్న సందర్భాలున్నాయి, సీట్లు ఉన్నాయి కాబట్టి పట్టుబట్టగలిగాను.

చల్లనిల్యాబ్:
సార్, చిన్న కాలేజీ మాట నాకు సూటిగా తగిలింది, నేనూ అలా వచ్చినదాన్నే. కానీ ఆ పిల్లల్నే గ్రాంట్ ఆగితే ముందు ఇంటికి పంపించేది కూడా, ఎందుకంటే వాళ్లకి వెనక డబ్బుండదు, ఒక్క సెమిస్టర్ స్టైపెండ్ లేకపోయినా నిలబడలేరు. 3 ఏళ్లలో రిజల్ట్ చూపించలేని ఫిజిక్స్ కూడా ఉంది కదా. గురుత్వ తరంగాల్ని పట్టడానికి కట్టిన లైగో మొదటి డిటెక్టర్లు 2002 నుంచి 2010 దాకా డేటా తీశాయి, ఒక్క తరంగం కూడా దొరకలేదు. ఆ ఏళ్లలో నాయిస్ మీద, అద్దాల మీద, లేజర్ మీద థీసిస్ రాసినవాళ్ల పని మీదే 2015 సెప్టెంబర్ 14న ఆ సిగ్నల్ వచ్చింది. మధ్యలో వాళ్లని వదిలేసి ఉంటే?

హామిల్టోనియన్:
సగం, మొత్తం అని కాకుండా, గ్రాంట్ అయిపోయి ఇంకోటి వచ్చేలోపు ఆ గ్యాప్ ఒక్కటే డిపార్ట్‌మెంట్ మోస్తే? గ్రాంట్ల ఓవర్‌హెడ్‌లో కొంత డిపార్ట్‌మెంట్‌కి తిరిగొస్తుంది కదా, దాంట్లోంచి పక్కన పెట్టాలి.

పాతకాపు:
దానికి నేను చెయ్యెత్తుతాను. 60 మంది ఉన్నారనుకుందాం, గ్యాప్‌లో పడేది ఒకేసారి 60 మంది కాదు, నలుగురో ఐదుగురో, అంతమందిని రెండేసి సెమిస్టర్లు మోయొచ్చు. కానీ ఆ డబ్బు ప్రతి ఏడాదీ ముందే పక్కకి తీయాలి, కొత్త ప్రొఫెసర్ వచ్చి ల్యాబ్ సెటప్‌కి అడిగినా ముట్టుకోకూడదు. అక్కడే గొడవ మొదలవుతుంది, చూశాను.

చల్లనిల్యాబ్:
సరే, సీట్లు సగం చేయాలన్నది వదిలేస్తున్నా. కానీ గ్రాంట్ ఆగితే ఎన్ని సెమిస్టర్లు ఇస్తారు, టీచింగ్ లేకుండానా టీచింగ్‌తోనా, ఇది ఆఫర్ లెటర్‌లోనే రాయాలి. రేపు మీటింగ్‌లో ఇదే అడుగుతాను.